పైకప్పు కూలేది పై బరువు వల్లే అనుకుంటే పొరపాటే

భూగర్భ గనిలో పైకప్పు ఎందుకు కూలుతుందని ఎవర్ని అడిగినా "పైన అంత బరువుంది కదా మరి" అంటారు, నేను కూడా దిగిన కొత్తలో అదే అనుకునేవాణ్ణి. బరువు ఉన్నమాట నిజమే, ప్రతి 100 మీటర్ల లోతుకీ ఒత్తిడి దాదాపు 2.5 మెగాపాస్కల్ (ఒత్తిడి కొలత) పెరుగుతుంది, అంటే 400 మీటర్ల కింద చదరపు మీటరుకి వెయ్యి టన్నుల పైమాటే. కానీ ఆ బరువులో ఎక్కువ భాగం పిల్లర్లు, అంటే తవ్వకుండా వదిలేసిన స్తంభాలు మోస్తాయి. చాలా చోట్ల కప్పుని అసలు నలిపేది పక్కల నుంచి అడ్డంగా నొక్కే ఒత్తిడి.

ఇది నాకు కళ్లారా చూశాకే ఎక్కింది. ఒకే సీమ్ (తవ్వే ఖనిజపు పొర), ఒకే లోతు, కప్పులోకి దించిన బోల్టులు కూడా అవే, ఒక దిక్కున వెళ్లే గ్యాలరీ (గనిలో తవ్విన దారి) చెక్కుచెదరకుండా ఉంది, దానికి అడ్డంగా కొట్టిన గ్యాలరీలో మాత్రం ఒక మూల వెంబడి కప్పు రాయి పలచటి పెచ్చులుగా ఊడి పొడుగ్గా గాడి పడిపోయింది. ఒక పెచ్చు చేతిలోకి తీసుకుంటే అంచు కత్తిలా ఉంది, రాయి నలిగి తెగిందని అది చూస్తేనే తెలిసిపోతుంది. ఏటికి అడ్డంగా బండ పెడితే నీళ్లు దాని పైనుంచీ కిందనుంచీ తోసుకుపోతాయి చూడండి, ఒత్తిడి కూడా అంతే, గ్యాలరీ దానికి అడ్డం వస్తే మొత్తం కప్పు మీదా నేల మీదా గుమిగూడుతుంది. అది పోయే దిక్కునే గ్యాలరీ కొడితే చాలావరకు పక్కనుంచి వెళ్లిపోతుంది.

కప్పులో షేల్ లాంటి పొరల రాయి ఉంటే ఇంకా ప్రమాదం. పేకముక్కల కట్టని రెండు చివర్లా పట్టుకుని నొక్కితే మధ్యలో ఉబ్బి విడిపోతుంది కదా, పొరలూ అలాగే విడిపోతాయి. బోల్టు చేసే పని వాటిని కలిపి కుట్టి ఒక దూలంలా నిలబెట్టడం, అందుకే విడిపోకముందే వెయ్యాలి, ఆలస్యంగా వేసిన బోల్టుకి సగం బలం ముందే పోయినట్టు. కప్పుని రాడ్డుతో కొట్టినప్పుడు ఖంగుమంటే సరే అనుకుంటాం, కానీ ఆ శబ్దం కింది పొరల సంగతే చెబుతుంది, బోల్టు కొసకి పైన పొర విడిపోతుంటే టెల్‌టేల్ (కప్పు ఎంత కదిలిందో చూపించే పరికరం) చూసుకోవాల్సిందే.

ఇంకోటి, గాడి పడిన చోటు కనిపిస్తే సపోర్టు పెట్టి ఊరుకోకండి, అది ఏ గ్యాలరీలో ఏ మూలన పడిందో ప్లాన్ మీద గీసి పెట్టండి. నాలుగైదు చోట్ల గీసేసరికి ఒత్తిడి ఏ దిక్కు నుంచి వస్తోందో ఆ గీతల్లోనే కనబడుతుంది, తర్వాతి ప్యానెల్ (తవ్వబోయే భాగం) ఎటు తిప్పాలో అప్పుడు మాట్లాడొచ్చు.