బాసిల్లస్‌తో నాకూ నాసాకూ ఒకటే తగాదా

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి వెనక గదిలో వరిగడ్డి పుట్టగొడుగులకి విత్తనం తయారుచేసి అమ్ముతాను. ఇటు కాశీనగర్ నుంచి, అటు పాతపట్నం నుంచి రైతులు వస్తారు. ఈ పనిలో నా టెన్షన్ అంతా బాసిల్లస్ అనే బ్యాక్టీరియాతోనే. ఉడికించిన గోధుమల్ని సంచుల్లో నింపి, ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి దాంట్లో, 121 డిగ్రీల ఆవిరి పట్టించాక కూడా కొన్ని సంచుల్లో గింజలు జిగురుగా మారి పుల్లకంపు కొడతాయి. తిండీ తేమా లేనప్పుడు ఈ జీవి పెంకు కట్టుకుని స్పోర్‌గా పడుకుంటుంది. మామూలు వేడిని లెక్కచేయదు. అందుకే గోధుమల్ని ముందురోజు రాత్రే నానబెడతాం. తడి తగిలితే స్పోర్ నిద్రలేచి పెంకు వదిలేస్తుంది, అప్పుడు ఆవిరికి దొరుకుతుంది.

బరంపురంలో చదువుతున్న మా మేనల్లుడు, "అత్తా, అంగారకుడికి పంపేవాటిని కూడా నీలాగే వేడిపెడతారు తెలుసా?" అన్నాడు. ఇక దొరికిందల్లా చదివాను.

1976లో అంగారకుడిపై దిగిన రెండు వైకింగ్ ల్యాండర్లనీ (నేలమీద దిగే నాసా యంత్రాలు) బయల్దేరేముందు 112 డిగ్రీల దగ్గర ఒక రోజుకి పైగా పొడి వేడిలో ఉంచారు. పాపం, యంత్రాన్ని నానబెట్టలేరు కదా! ఇప్పుడు ల్యాండర్ మీద అక్కడక్కడా తుడిచి, ఆ నమూనాని 80 డిగ్రీల్లో 15 నిమిషాలు ఉంచుతారు. మెత్తనివి చస్తాయి. మిగిలిన స్పోర్లని పెంచి లెక్కపెడతారు. అంగారకుడిపై దిగేవాటికి సాధారణ హద్దు చదరపు మీటరుకి 300 స్పోర్లు, పైభాగాలన్నీ కలిపి 3 లక్షలు. సున్నా అని ఎవరూ కోతలు కోయలేదు, అదే నాకు నచ్చింది. 'నూటికి నూరు శాతం శుద్ధి' అని ప్యాకెట్ మీద అచ్చేసే విత్తనం నేనైతే కొనను.

అసలు చిక్కు ఏమిటంటే, కడిగేకొద్దీ మొండివే మిగులుతాయి. నాసా వాళ్ల జేపీఎల్ అనే ప్రయోగశాలలో, అంతరిక్ష వాహనాలు బిగించే శుభ్రమైన గదిలోనే బాసిల్లస్ ప్యుమిలస్ రకం ఒకటి దొరికింది. హైడ్రోజన్ పెరాక్సైడ్‌నీ అతినీలలోహిత కిరణాల్నీ మిగతా బ్యాక్టీరియా కంటే బాగా తట్టుకుంటుంది. టెర్సికోకస్ ఫీనిసిస్ అని 2013లో పేరుపెట్టిన బ్యాక్టీరియా ఫ్లోరిడాలోనూ, ఎక్కడో ఫ్రెంచ్ గయానాలోనూ అలాంటి శుభ్రమైన గదుల్లోనే బయటపడింది.

"అంగారకుడి మీది ఎండకే చస్తాయిలే అత్తా" అంటాడు మావాడు. ఎండలో ఉన్నది చస్తుంది, ఒప్పుకుంటాను. దుమ్ము కిందో, స్క్రూ సందులోనో దాక్కున్నదాని మాటేమిటి? రేపు అక్కడ జీవం దొరికిందని పండగ చేసుకున్నాక, అది మనం మోసుకెళ్లిందేనని తేలితే? 1967 అంతరిక్ష ఒప్పందంలోనే ఇతర గోళాల్ని హానికరంగా కలుషితం చేయకూడదని రాసుకున్నారు. మన దేశమూ అందులో ఉంది.

అనుమానం వచ్చిన సంచిని నేను విప్పను. అలాగే మళ్లీ ఆటోక్లేవ్‌లో పెట్టి గోతిలో పూడ్చేస్తాను. ఇంధనం అయిపోవస్తున్న గెలీలియో అనే అంతరిక్ష నౌకని 2003లో గురుగ్రహంలో పడేసింది కూడా ఇలాంటి జాగ్రత్తతోనే. అదుపు తప్పి అది గురుగ్రహపు చందమామ యూరోపా మీద పడితే కలుషితమవుతుందని భయం, ఎందుకంటే అక్కడ మంచు కింద సముద్రం ఉందని అంచనా. 2017లో కాసినీ నౌకని శనిగ్రహంలో కాల్చేసిందీ దాని చందమామలు ఎన్సెలాడస్, టైటాన్‌ల కోసమే. మావాడికి అది దండగలా కనబడింది. నాకు మాత్రం సరైన పనే అనిపించింది.

మనుషుల్ని అంగారకుడికి పంపుతామంటున్నారే, దానికే నా దగ్గర జవాబు లేదు. పేగుల నిండా బ్యాక్టీరియాతో వెళ్లే మనిషిని ఏ ఆటోక్లేవ్‌లో పెడతారు?