హెడ్‌మాస్టారి కండువా, ఇన్‌స్పెక్టరు రూపాయి

మన బడి పాత విద్యార్థుల సమ్మేళనానికి వేసే సంచిక సంఘంవారు ఫోను చేసి, ‘ఏదైనా సరే, రెండు పుటలు మించకుండా రాయి’ అన్నప్పుడు నా దగ్గర సరుకు చాలానే ఉందనుకున్నాను. తీరా కూర్చుంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల నుంచి ఒక్క ముక్కా గుర్తుకు రాలేదు. గోడ దూకిన కథ ఎవరో ఒకరు రాసే ఉంటారు. మూడో అరటిపండు సంగతి అచ్చులో రాదగినది కాదు. ఇక మిగిలినవి గారడీ చేసే మన లెక్కల మాస్టారి చేతులే.

పర్లాకిమిడిలో వాన ముదిరి, చిన్న రైలులో పాతపట్నం నుంచి రావలసినవారు రాక, తరగతి సగం ఖాళీగా ఉన్న రోజున మాస్టారు పుస్తకం మూసి, ‘ఎవరి దగ్గరైనా రూపాయి ఉందా?’ అనేవారు. ఇవ్వగలిగినవాడు మన షావుకారు ఒక్కడే. వాడు కాంపాసు ముల్లుతో గీత గీసి మరీ ఇచ్చేవాడు. అలాంటివాడు బ్యాంకులో పెద్ద హోదాకు చేరుకోవడంలో వింతేమీ లేదు.

సొంత సామానుతో చేసే గారడీలో పేరంతా సామానుకే పోతుందని మాస్టారి అభిప్రాయం. రూపాయి గానీ, రుమాలు గానీ, ఉంగరం గానీ, అగ్గిపెట్టె గానీ ఎదుటివారిదే కావాలి. అప్పుడు అనుమానించడానికి చెయ్యి తప్ప ఏమీ మిగలదు, ఆ చెయ్యేమో ఖాళీగా కనబడాలి. ఆనాటి పెద్ద రూపాయి 28 మిల్లీమీటర్ల వెడల్పుతో, 8 గ్రాముల బరువుతో ఉండేది. బొటనవేలి మొదట ఉన్న కండకూ, దానికెదురుగా చిటికెనవేలి వైపున్న కండకూ నడుమ దాన్ని నిలిపి, వేళ్ళను వదులుగా వదిలేయాలి. బిగబట్టిన చెయ్యి తనను తానే పట్టిస్తుంది గనుక, నాణెం అరచేతిలో ఉండగానే అదే చేత్తో సుద్దముక్క పట్టి నల్లబల్లమీద సమీకరణం సాధించమనేవారు. మన చేతులు చిన్నవి కాబట్టి మనకు అర్ధరూపాయి ఇచ్చేవారు. అల్యూమినియం పదిపైసలను మాత్రం దగ్గరికి రానిచ్చేవారు కారు, బరువు లేనిది ఎక్కడుందో చేతికే తెలియదని.

తనిఖీ రోజు మీలో ఎందరికి గుర్తుందో గాని, నాకు ఆ మధ్యాహ్నం పూసగుచ్చినట్టు గుర్తుంది. ఇన్‌స్పెక్టరుగారికి ఒడియా తప్ప మరో భాష రాదు. మాస్టారు ఆయన రూపాయినే అడిగి తీసుకుని, హెడ్‌మాస్టారి భుజంమీది జరీ అంచు కండువా అందుకుని, దాని నడుమ నాణెం నిలబెట్టి, చక్కని ఒడియాలో ఏదో పురాణం చెబుతూ చెబుతూ ఉన్నట్టుండి తెలుగులోకి దిగి, ‘అయ్యా, భోజనంలోకి పప్పు చేయించమంటారా, పులుసు చేయించమంటారా?’ అని మహా గంభీరంగా అడిగారు. తెలియని మాట చెవిన పడితే మనిషి మాట్లాడేవారి ముఖంలోకి చూస్తాడే గాని చేతివంక చూడడు. మాస్టారికి కావలసింది ఆ ఒక్క చూపే. మడత సంగతి చూసినవారికి తెలుసు, చూడనివారికి నేను చెప్పను. రూపాయి కండువాలోంచి ఇవతలికి వచ్చింది. ఇన్‌స్పెక్టరుగారు లేచి, కండువాను కిటికీ వెలుగులో పట్టుకుని, చిరుగు కోసం అంగుళం అంగుళం వెతికారు. హెడ్‌మాస్టారు ఆయనకంటే ఆత్రంగా వెతికారు.

మనకు రెండు భాషలూ వచ్చు గనుక ఆ ఎత్తు మనమీద పారేది కాదు. మనకోసం పదిహేడో ఎక్కం ఉండేది. ‘పదిహేడు ఎనిమిదులు?’ అనగానే తరగతి తరగతంతా తల దించుకునేది, ఆ లోపల పని ముగిసిపోయేది.

తరువాత అమెరికావాడైన నెల్సన్ డౌన్స్ గురించి చదివాను. 1867లో పుట్టిన ఆయన రైల్వేలో టెలిగ్రాఫ్ పని చేస్తూ నాణేల విద్య సాధించి, గాలిలోంచి నాణేలు పట్టి చూపడంలో పేరు పొందాడు. గొప్పవాడే, కాదనను. అయితే పప్పూ పులుసూ ఆయనకు తట్టి ఉండవు.

బరంపురంలో నాకిప్పుడు సొంత ఫిజియోథెరపీ కేంద్రం ఉంది. రాయగడ, కొరాపుట్‌ల నుంచి కూడా చేతులు చూపించుకోవడానికి వస్తారు. మణికట్టు దగ్గర మీడియన్ నరం చాలాకాలం ఒత్తుకుపోతే బొటనవేలి మొదటి కండ సన్నబడిపోతుంది. అలాంటివారి చేత శస్త్రచికిత్స తరువాత నేను చేయించేది మాస్టారు నేర్పిన పట్టే. అది పాఠ్యపుస్తకంలో లేదని ఒక కుర్ర డాక్టరు అడిగితే, పర్లాకిమిడిలో చదువుకున్నానని చెప్పాను.

ఒక్క ఇబ్బంది మాత్రం వచ్చిపడింది. కూరగాయల బండి దగ్గర కూడా ఫోనుతో చెల్లించే ఈ రోజుల్లో అరువడగడానికి ఎవరి జేబులోనూ నాణెం ఉండటం లేదు. ఉన్నా, 2011లో వచ్చిన స్టీలు రూపాయి 22 మిల్లీమీటర్లే, 4 గ్రాములైనా తూగదు. పెద్దవారి అరచేతిలో అది నిలవదు. పైగా అది అయస్కాంతానికి అంటుకుంటుందని పిల్లలకు తెలుసు గనుక ముందు నా ఉంగరం తీయిస్తున్నారు. కాబట్టి సమ్మేళనానికి వచ్చేవారు దేవుడి గూట్లో పాత పెద్ద రూపాయి ఉంటే తీసుకురావాలి. కండువా వేసుకునేవారు మనలో ఎవరూ లేరు గనుక, చున్నీ ఎవరిస్తారో ఆడపిల్లలు ముందుగా తేల్చుకోవాలి.