ఇరవై పౌండ్ల టాప్-అప్‌లో 95 పెన్సులు

2022 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో మేం ఐదుగురం ఉన్న ఇంట్లో కరెంటుకి ఒక కీ, గ్యాస్‌కి ఒక కార్డు ఉండేవి. ముందు డబ్బు వేస్తేనే పనిచేసే మీటర్లు. వీధి చివరి షాపులో కార్డు మీద ఇరవై పౌండ్లు వేయించుకొచ్చి మీటర్లో పెడితే అంకె పెరిగేది, ఆ చలికి నాలుగు రోజులు తిరక్కుండానే మళ్ళీ అడుక్కి వచ్చేది. రాత్రి పదింటికే హీటింగ్ ఆపేసి, జాకెట్లతోనే దుప్పట్లో దూరేవాళ్ళం.

ఆ ఇరవై పౌండ్లలో వ్యాట్ ఎంతో తెలుసా? 95 పెన్సులు. అప్పటి రేటుకి తొమ్మిది యూనిట్ల గ్యాస్, అంటే మహా అయితే ఒక సాయంత్రం కాసేపు ఇల్లు వెచ్చగా ఉండడం.

ఇది ఇప్పుడెందుకంటే, మా వాట్సాప్ గ్రూపులో కొత్తగా వచ్చిన తమ్ముడొకడు "అన్నా, ఇళ్ళ బిల్లుల మీద వ్యాట్ ఎత్తేయాలంటున్నారు కదా, ఎత్తేస్తే మనకేమైనా మిగులుతుందా?" అని అడిగాడు. మిగులుతుంది. పన్ను తగ్గించినా కంపెనీలే మింగేస్తాయేమో అనే భయం కూడా ఇక్కడ పెద్దగా అక్కర్లేదు, ఎందుకంటే మామూలు టారిఫ్‌లో ఉన్నవాళ్ళకి యూనిట్ రేటు ఎంత దాటకూడదో ఇక్కడి కరెంటు, గ్యాస్ నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ ప్రతి మూడు నెలలకీ కట్టేస్తుంది, ఆ లెక్కలో వ్యాట్ కలిసే ఉంటుంది. వ్యాట్ పోతే ఆ మేరకు రేటు దిగాల్సిందే. కానీ ఎంత మిగులుతుంది, ఎవరికి మిగులుతుంది అన్నదే నా బాధ.

2025 అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఆఫ్‌జెమ్ లెక్కలో సగటు ఇంటి ఏడాది బిల్లు 1,755 పౌండ్లు. అందులో 5 శాతం వ్యాట్ వాటా సుమారు 84. నెలకి ఏడు పౌండ్లు. వద్దని ఎవరంటారు? అయితే ఇది శాతం కాబట్టి, ఆరు బెడ్‌రూములు ఉండి ఏడాదికి 4,000 కట్టే ఇంటికి 190 పౌండ్లు మిగులుతాయి, ఒక గదిలో వణుకుతూ 1,000 కట్టేవాడికి 48. బీదవాళ్ళ ఆదాయంలో బిల్లుకి పోయే వాటా ఎక్కువ కాబట్టి ఆ 48 వాళ్ళకే ఎక్కువ విలువ అని కొందరంటారు, అదీ నిజమే. అయినా ప్రభుత్వం వదులుకునే డబ్బు రెండు బిలియన్ పౌండ్లు దాటుతుంది. అంత డబ్బు పంచేటప్పుడు పెద్ద ఇంటికి పెద్ద ముద్ద పెట్టడం నాకు మింగుడుపడదు.

ఈ గొడవ కొత్తది కాదు. 1994 ఏప్రిల్‌దాకా ఇక్కడ ఇళ్ళ కరెంటు, గ్యాస్ మీద వ్యాటే లేదు. అప్పటి ఆర్థిక మంత్రి నార్మన్ లామాంట్ 1993 బడ్జెట్‌లో చెప్పి, 8 శాతంతో మొదలుపెట్టించాడు, మరుసటి ఏడాదికి 17.5 చేద్దామనుకున్నారు, పెన్షనర్ల కోపం చూసి సొంత ఎంపీలే కొందరు ఎదురుతిరిగితే 1994 డిసెంబరులో పార్లమెంటులో ఆ ఓటింగులో ఓడిపోయారు. ఆ 8ని 1997లో లేబర్ పార్టీ వాళ్ళు 5కి దించారు. అంతకన్నా దించడానికి యూరోపియన్ యూనియన్ (ఈయూ) రూల్స్ ఒప్పుకోవని చెప్పేవాళ్ళు. ఈయూ నుంచి బయటపడే బ్రెగ్జిట్ గెలిస్తే అదీ ఎత్తేస్తామని 2016లో బోరిస్ జాన్సన్ వాళ్ళు మాటిచ్చారు. బ్రెగ్జిట్ అయింది, ఆయన ప్రధాని కూడా అయ్యాడు, 5 శాతం మాత్రం అలాగే ఉండిపోయింది.

నన్ను అడిగితే మనల్ని పిండేది వ్యాట్ కన్నా స్టాండింగ్ ఛార్జి. స్విచ్ వేసినా వేయకపోయినా కరెంటుకి ఇంత, గ్యాస్‌కి ఇంత అని రోజూ కోసుకునేది. పైన చెప్పిన మూడు నెలల్లో రెండూ కలిపి రోజుకి సుమారు 88 పెన్సులు, ఏడాదికి 320 పౌండ్లు. 2023 వేసవిలో మేం నలుగురం పార్ట్‌టైం పనికి వేరే ఊరు వెళ్ళాం, ఐదోవాడు ఇండియా వెళ్ళాడు. ఐదు వారాలు ఇంట్లో స్టవ్ వెలిగించినవాడు లేడు. తిరిగొచ్చి కార్డు పెడితే గ్యాస్ మీటర్లో అప్పు చూపిస్తోంది! వేసిన మొదటి పది పౌండ్లలో సగానికి పైగా ఆ అప్పుకే పోయింది, ఆ రాత్రి అన్నం వండుకోవడానికి మిగిలింది చూసుకుని మళ్ళీ షాపుకి పరిగెత్తాం. అసలు వాడనిదానికి తగ్గించిన పన్ను ఏం ఆదుకుంటుంది?

అందుకే నేననేది, ఆ రెండు బిలియన్లు ఖర్చు పెట్టేదే అయితే ప్రతి ఇంటికీ సమానంగా స్టాండింగ్ ఛార్జిలో 84 పౌండ్లు తగ్గించండి. పెద్దింటికీ 84, మా గదికీ 84.

"అవసరమున్నవాళ్ళకే నేరుగా ఇవ్వొచ్చు కదా" అంటారు. వినడానికి బాగుంటుంది. వామ్ హోమ్ డిస్కౌంట్ అని చలికాలంలో 150 పౌండ్లు తగ్గిస్తారు, అది రావాలంటే ప్రభుత్వ బెనిఫిట్లు తీసుకుంటూ ఉండాలి. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా మీద వచ్చిన మనవాళ్ళకి ఆ బెనిఫిట్లే ఉండవు, వీసా మీదే రాసి ఉంటుంది. 2022 చలికాలంలో ప్రతి ఇంటికీ 400 పౌండ్లు ఇచ్చారు, మా లాంటి పాత మీటర్లకి నెలనెలా పోస్టులో వోచర్లు పంపారు. మా ఇంటికి వచ్చినవి ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిపోయిన పాత అద్దెదారు పేరుతో వచ్చాయి. ఓనరుకి ఫోన్ చేస్తే చూస్తానన్నాడు, చివరికి మూడు వోచర్ల గడువు దాటిపోయింది. రెండు వందల పౌండ్లు! అప్పట్లో అది నాకు నెల తిండి ఖర్చు కన్నా ఎక్కువ. అందుకే పేరు, వీసా, ఉత్తరం ఏమీ అడక్కుండా మీటరు దగ్గరే తగ్గేది కావాలంటాను. వ్యాట్ తగ్గింపులో నాకు నచ్చిన గుణం అదొక్కటే, స్టాండింగ్ ఛార్జి తగ్గించినా అదే గుణం ఉంటుంది.

2025 నవంబరు బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి రేచెల్ రీవ్స్ వ్యాట్ జోలికి పోకుండా, పాత గ్రీన్ పథకాల ఖర్చులో చాలా భాగం 2026 ఏప్రిల్ నుంచి బిల్లు మీంచి తీసేస్తామని, సగటున 150 పౌండ్లు తగ్గుతుందని చెప్పారు. ఆ ఖర్చు ఎక్కువగా కరెంటు మీదే పడేది, కాబట్టి గ్యాస్ లేని ఫ్లాట్లలో కరెంటు హీటర్లతో నెట్టుకొచ్చేవాళ్ళకి ఇది వ్యాట్ కన్నా మేలు.

ఇదంతా మా అమ్మకి చెప్తే గుంటూరు నుంచి తన బిల్లు ఫొటో తీసి పంపింది. 180 యూనిట్లు. మన దగ్గర ఇళ్ళకి విద్యుత్ సుంకం యూనిట్‌కి 6 పైసలు, అంటే మొత్తం కలిపి పది రూపాయల ఎనభై పైసలు. యూనిట్‌కి 40 పైసల చొప్పున సర్దుబాటు ఛార్జీ మాత్రం 72 రూపాయలు. "సుంకం తీసేస్తే నాకొచ్చేదేంట్రా, ఈ సర్దుబాటు సంగతి చూడమను" అంది. బిల్లులో ఏ లైను దగ్గర నొప్పి ఉందో ఆవిడకి తెలుసు.

తమ్ముడూ, ఇంకొక్క మాట. ఇండియా పాస్‌పోర్టు మీద ఇక్కడ ఉంటున్నవాళ్ళకి కామన్వెల్త్ పౌరులుగా పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటుంది, చాలామందికి ఈ సంగతే తెలీదు. కౌన్సిల్ నుంచి ఓటరు నమోదు కాగితం వస్తే పారేయకు. ప్రచారానికి తలుపు కొట్టినవాళ్ళు వ్యాట్ ఎత్తేస్తామంటే సంతోషమని చెప్పి, స్టాండింగ్ ఛార్జి ఎంత తగ్గిస్తారో కూడా అడుగు.