అద్దె ఇంటికి బయటి డబ్బు: అప్పా, వాటానా?

తెలిసినవాళ్ల డబ్బుతో అద్దె ఇల్లు కొనేటప్పుడు మాటలన్నీ లాభం ఎవరికెంత అన్నదాని చుట్టూనే తిరుగుతాయి. ముందు తేల్చాల్సింది ఆ డబ్బు అప్పా, వాటానా అన్నది. ఇల్లు ఖాళీగా ఉన్నా అప్పుకు వడ్డీ కట్టాల్సిందే. వాటాదారు ఖాళీ నెలల్నీ పంచుకుంటారు. "లాభమొస్తే సగం, రాకపోతే వడ్డీ" అని రెండూ కలిపి రాసుకుంటే తగాదాకు అప్పుడే బీజం పడ్డట్టు.

లెక్క వేద్దాం. ఇంటి ధర 100, ఏడాది అద్దె 9. ఒక నెల ఖాళీ పోతే 8.25. రిపేర్లు, పన్ను, బీమా, నిర్వహణకు 2.25 పోగా మిగిలేది 6. 80ని 10 శాతానికి అప్పు తెస్తే వడ్డీయే 8. అసలు ఒక్క పైసా తీరకుండానే ఏటా 2 ఎదురు పెట్టుకోవాలి. మిగులు వడ్డీకి కనీసం 1.25 రెట్లు ఉండాలనుకుంటే, ఆ ఇల్లు మోయగల వడ్డీ 4.8. అంటే అప్పు 48 దాటకూడదు.

అదే 80 వాటాగా వస్తే, ముందు ఆ 80 పెట్టినవాళ్లకు 6 శాతం, అంటే 4.8 ఇచ్చి, మిగిలిన 1.2 చెరిసగం చేయొచ్చు. 20 పెట్టి ఇల్లు చూసుకునేవారికి దక్కేది 0.6, అంటే 3 శాతమే. అందుకే వాళ్ల నిర్వహణ రుసుము ఖర్చుల్లోనే పడాలి, లేకపోతే రెండో ఏడాదికే విసుగొస్తుంది. ఏదైనా ఏడాది ఆ 4.8 పూర్తిగా రాకపోతే, తగ్గింది బాకీగా పోగవుతుందా, అక్కడితో మాఫీయా? ఇది తప్పక రాయాలి.

అన్నిటికన్నా ఎక్కువగా ముంచేది గడువు. 15 ఏళ్లు ఉంచుకునే ఇంటికి 3 ఏళ్ల అప్పు తెస్తే, మూడో ఏట బ్యాంకు రీఫైనాన్స్ చేయకపోతే, అంటే పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు ఇవ్వకపోతే, నష్టానికైనా అమ్మాలి. గడువు పొడిగించుకునే హక్కు, దానికి ఇచ్చే రుసుము మొదటి రోజే ఒప్పందంలో ఉండాలి. అప్పిచ్చేవాళ్లు తనఖాను రిజిస్టర్ చేయించుకోవాలి, ప్రామిసరీ నోటు ఒక్కటే చాలదు.

అద్దెకు వేరే బ్యాంకు ఖాతా పెట్టండి. ఆరు నెలల ఖర్చు అందులో నిలవ ఉన్నాకే పంపకాలు మొదలుపెట్టండి. పైకప్పు కారి ఆ నిలవ చాలకపోతే ఎవరెంత వేయాలి, వేయనివారి వాటా ఎంత తగ్గుతుంది అన్నదీ రాయండి. ఒకరు తప్పుకున్నా, చనిపోయినా వాళ్ల వాటాకు ధర నిర్ణయించేదెవరు? ఇద్దరు స్వతంత్ర మదింపుదారుల సగటు తీసుకుని, మిగిలినవాళ్లకు కొనడానికి 90 రోజులు, చెల్లించడానికి వాయిదాలు ఇవ్వడం మంచిది.