మామిడితోటకి ఎంత బండి కావాలి?

ట్రాక్టరు కొంటున్నామని తెలిసిన దగ్గర్నుంచీ ఊళ్లో అందరిదీ ఒకటే సలహా. "కొంటే 45 హెచ్‌పీ పైన కొనండి, చిన్నది కొని ఏం చేసుకుంటారు?" అని. ఇలా చెప్పేవాళ్లలో సగంమందికి వరి ఉంది, దమ్ము పని ఉంది. మిగతా సగంమందికి మా బండి మీద కన్నుంది. మాకున్నది అయిదెకరాల మామిడి, రెండెకరాల మొక్కజొన్న.

మావయ్యదీ పెద్ద బండి పార్టీయే. వెనక ట్రక్కు (ట్రాలీ) తగిలిస్తే కాయ మనమే విజయవాడ దగ్గర నున్న ఊరి మామిడి మార్కెట్‌కి తోలుకోవచ్చు, ఖాళీ రోజుల్లో కిరాయికి తిప్పొచ్చు అని ఆయన లెక్క. కిరాయికి తిప్పేది ఎవరు మావయ్యా అంటే మాత్రం పేపర్లో తల దూర్చేస్తారు. మా ఆయన ఉద్యోగం హైదరాబాద్‌లో. డ్రైవరుని పెట్టుకుంటే వచ్చిన కిరాయి డ్రైవరుకీ డీజిలుకీ చెల్లు. చివరికి తోలాల్సింది నేనే. కారు లైసెన్సు ఉంది కాబట్టి ట్రాక్టరుకి వేరే లైసెన్సు అక్కర్లేదు, చట్టం లెక్కలో అదీ ఎల్‌ఎంవీనే, అంటే తేలికపాటి మోటారు బండే.

నిన్న రాత్రి క్యాలెండర్ కాగితం వెనకవైపు ఏడాది పొడుగునా తోటలో ట్రాక్టరుతో ఏం పని పడుతుందో రాసుకున్నాను. వానలు పడ్డాక ఒక దుక్కి, తర్వాత గడ్డికి రోటవేటర్ (తిరిగే బ్లేళ్లతో మట్టిని కలియదున్నేది), మొక్కజొన్న చేలో గొర్రు. ఇవన్నీ నాలుగు రోజులు అటూ ఇటూ అయినా కొంప మునిగేదేం లేదు, కిరాయి బండి ఎప్పుడొస్తే అప్పుడు చేయించుకోవచ్చు. ఆగనిది మందు పని ఒక్కటే. పూమొగ్గ పగిలేటప్పుడు తేనెమంచు పురుగుకి, పూత మీద బూడిద తెగులుకి, పిందె బఠాణీ గింజంత అయినప్పుడు మళ్లీ. ఆ రోజుల్లో నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ ఒకేసారి పూస్తాయి, అందరికీ అదే వారంలో బండి కావాలి. పోయిన జనవరిలో డ్రమ్ము, పంపు, మందు, కూలీలు అన్నీ సిద్ధంగా పెట్టుకుని బండి కోసం ఎదురుచూశాం. అది వచ్చేసరికి ఆకులన్నీ తేనె కారి జిగటపట్టేశాయి. కాబట్టి నా లెక్క ప్రకారం కొనాల్సింది ఆగని పనికి. ఆగే పనికి బాడుగ ఇచ్చుకోవచ్చు. మావయ్యకి ఇది చదివి వినిపిస్తే "మందు కొట్టడానికి ట్రాక్టరు కొంటారా ఎవరైనా" అని నవ్వారు.

పొద్దున పది దాటాక ఇద్దరం హనుమాన్ జంక్షన్ వెళ్లాం. షోరూం అబ్బాయి మంచివాడే కానీ మాట్లాడేదంతా మావయ్యతోనే. "బాబాయ్ గారూ, ఇది చూడండి, 47 హెచ్‌పీ, 6 అడుగుల రోటవేటర్ ఆడిస్తుంది" అని ముందు వరసలో ఉన్న ఎర్రబండి ఎక్కించాడు. మావయ్య స్టీరింగ్ పట్టుకుని కూర్చున్న తీరు చూస్తే పెళ్లికొడుకే. నేనూ ఎక్కాను. క్లచ్ నొక్కడానికి సీటు అంచుకి జరగాల్సి వచ్చింది.

చిన్నవి చూపించమంటే షెడ్డు వెనకాల టైర్ల పక్కకి తీసుకెళ్లాడు. 24 హెచ్‌పీ, ఫోర్ వీల్ డ్రైవ్. సంచీలోంచి టేపు తీశాను. మా చిన్నరసాల చెట్లు మామగారి నాన్నగారు పెట్టినవి, కొమ్మలు వంగి చాలాచోట్ల నా భుజం ఎత్తుకి వచ్చేశాయి. సైలెన్సరు బానెట్ మీంచి నిటారుగా లేచిన బండిని ఆ వరసల్లో తిప్పితే, పూతైనా రాలుతుంది, సైలెన్సరైనా విరుగుతుంది. ఈ చిన్నబండికి పొగగొట్టం ముందు కిందకి ఉంది. బానెట్ ఎత్తు నా నడుం దాటలేదు. వెనక చక్రాల బయటి అంచు నుంచి బయటి అంచుకి టేపు పట్టమని అబ్బాయికి ఒక చివర ఇచ్చాను. సరిగ్గా అప్పట్నుంచే నాతో మాట్లాడటం మొదలుపెట్టాడు.

"పీటీవో దగ్గర ఎంత హెచ్‌పీ వస్తుంది?" అని అడిగితే "24 మేడమ్" అన్నాడు. అది ఇంజనుది. రోటవేటర్ తిప్పేదీ, మందు పంపు ఆడించేదీ పీటీవో, అంటే బండి వెనక తిరిగే ఇరుసు. ఇంజను బలం అక్కడికి చేరేసరికి కొంత తరుగుతుంది, ఒక్కో మోడల్‌కి ఒక్కోలా. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ ట్రాక్టర్లని పరీక్షించి ఆ లెక్కలన్నీ రిపోర్టుగా ఇస్తుంది. అది చూపించమంటే పాపం బ్రోచర్ తిరగేశాడు. ఇంటికెళ్లాక పంపిస్తానన్నాడు. ఈ బండికి మూడున్నర, నాలుగు అడుగుల రోటవేటరే పడుతుందట. ఆ మాట వినగానే మావయ్య నా వైపు చూసి గడ్డం నిమురుకున్నారు.

ధర మాత్రం కాస్త కలిసొచ్చింది. 2025 సెప్టెంబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది కదా, పన్నుతో 6 లక్షలున్న బండి 5,62,500కి వచ్చినట్టు. ఆ మిగిలిన దాంతో రోటవేటర్ సగం వస్తుందని అబ్బాయి, ఇన్సూరెన్సుకీ రిజిస్ట్రేషన్‌కీ సరిపోతుందని నేను. పక్కన ఇంకో పెద్దాయన 50 హెచ్‌పీ దాటిన బండికి అంత ధర ఏంటని గొడవపడుతున్నారు. 2023 జనవరి నుంచి 50 దాటితే పొగ నిబంధనలు మారాయి, ఇంజను అంతా సెన్సార్లే. 49, 50 దగ్గర ఆగిపోయిన మోడళ్లు ఇన్ని ఉన్నాయంటే కారణం అదే.

తిరిగొస్తూ ఆగిరిపల్లి దాటాక ఓ సెకండ్ హ్యాండ్ బండి చూశాం. ఇది మావయ్య ముందే మాట్లాడి పెట్టుకున్నారని దారిలో తెలిసింది. మెకానిక్ బాబాయ్‌ని కూడా రమ్మన్నారు. పెయింటు కొత్తగా మెరిసిపోతోంది, గంటల మీటరు మాత్రం ఎప్పుడో ఆగిపోయింది. బాబాయ్ ఏం మాట్లాడకుండా ఇంజను ఆన్‌లో ఉండగానే ఆయిల్ మూత తీశాడు. గుప్పుగుప్పుమని పొగ. తర్వాత రోటవేటర్‌ని పైకెత్తించి, ఇంజను ఆపించి, బీడీ ముట్టించుకుని గట్టు మీద కూర్చున్నాడు. బీడీ సగమయ్యేసరికి రోటవేటర్ దానంతటదే దిగి బ్లేళ్లు మట్టిని తాకాయి. "హైడ్రాలిక్ పట్టట్లేదు అన్నయ్యా, రింగులూ పోయాయి" అన్నాడు. ముందు చక్రం రెండు చేతులతో పట్టుకుని ఊపితే అదీ కటకటలాడింది. ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అదే బండి మీద అప్పు లేదని ఇచ్చే కాగితం, ఉందా అని నేనడిగితే, ఓనరు రేపు ఇస్తానన్నాడు. మావయ్యే "పదమ్మాయ్" అన్నారు.

దారిలో బాబాయ్‌ని అడిగాను, చిన్నబండి మీద మీ మాటేంటి అని. "చిన్నదానికి ట్రక్కు నిండా కాయ కట్టి ఘాటీ ఎక్కిస్తానంటే ఒప్పుకోను. బ్రేకు వేస్తే ట్రక్కే దాన్ని తోసేస్తుంది. తోటలో పనికైతే నీకదే వాటం. కానీ ఏ కంపెనీది కొన్నా ఫిల్టరూ, క్లచ్ ప్లేటూ నూజివీడులో దొరుకుతాయో లేదో చూసుకుని కొను" అన్నాడు. పూత టైంలో బండి పాడై సామాను విజయవాడ నుంచి రావాలంటే, కిరాయి బండి కోసం కూర్చున్నదానికీ దీనికీ తేడా ఏముంది? రేపు షాపులకి ఫోన్ చేయాలి.

రాత్రి ఈయనతో వాయిదాల గురించి మాట్లాడాను. ఫైనాన్స్ వాళ్లు ఆరు నెలలకోసారి కట్టమంటున్నారు. మామిడి డబ్బు వేసవిలోనే వస్తుంది, అదీ ఒక్కసారే. రెండో వాయిదా నవంబరులో పడితే మొక్కజొన్న మీద పెట్టుకోవాలి, లేదా ఈయన జీతం మీద. బ్యాంకులో ఏడాదికోసారి కట్టే పద్ధతి ఇస్తారేమో కనుక్కుంటానన్నారు. కాయ తోలడానికి ట్రక్కు సంగతేంటని అడిగారు. ఎన్నేళ్లబట్టో వ్యాను పిలుస్తున్నాం, ఇంకా పిలుద్దాం అన్నాను. ఒప్పుకున్నట్టే ఉంది, ఫోన్‌లో సరిగ్గా తెలీదు.

షోరూం అబ్బాయి మంగళవారం చిన్నబండిని డెమోకి తెస్తానన్నాడు. రోడ్డు పక్క మొక్కజొన్న చేలో కాదు, వాగు వైపు ఏటవాలుగా ఉన్న చివరి వరసల్లో తిప్పి చూపించాలని చెప్పాను. 500 లీటర్ల డ్రమ్ము నిండా నీళ్లు పోసి పెడతాను, దాంతోనే తిప్పాలి. మావయ్య ఊళ్లో సగంమందికి ఇప్పటికే కబురు పెట్టేశారు, టీలు ఎన్ని కాయాలో ఏమో.