ఇంకుడు గుంత తాగేసింది
మా అపార్ట్‌మెంట్‌లో ఎట్టకేలకు ఇంకుడు గుంత తవ్వించాం. వాన నీటిని ఇంకించాలని చెప్పే వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం 2002 నుంచే ఉంది, మావాళ్లు మాత్రం ట్యాంకర్ బిల్లు చూశాకే కదిలారు! అడుగున 40 ఎంఎం కంకర, దానిపై 20 ఎంఎం, ఆపైన దొడ్డు ఇసుక, మీద కాస్త ఖాళీ.

నిన్న రాత్రి వాన దంచికొట్టింది. టార్చి పట్టుకుని వెళ్లా. డాబా మీది నీళ్లు సుడి తిరుగుతున్నాయి, ఇసుకలోంచి బుడబుడమని బుడగలు. తెల్లారేసరికి చుక్క లేదు, సన్నటి ఒండ్రు పొర తప్ప. అది పేరుకుంటే నీళ్లు దిగవు, ఏటా వానలకు ముందే ఇసుక కడిగించాలి.

బోరుదాకా ఎప్పటికి చేరతాయో! హైదరాబాద్ కింద అంతా గ్రానైటే, పగుళ్లు వెతుక్కుంటూ పోవాలి. ముందు పక్కింటి బోరుకే అందినా బాధ లేదు, ఎండాకాలమంతా వాళ్ల దగ్గరే బిందెలు నింపుకున్నాం.