సిగ్నస్ పేరు వెంట: అక్టోబరు దాకా

లాటిన్ భాషలో హంసను సిగ్నస్ అంటారు. ఆ పేరు మోస్తున్నవాటిలో బెంగళూరులోని మా మిద్దె మీద నుంచి ఎన్నింటిని కళ్లారా చూడగలనో లెక్క రాసుకోవాలని జూన్‌లో ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాను. సెప్టెంబరు దాకా మబ్బులు వదలకపోవడంతో అసలు పని అక్టోబరులోనే సాగింది.

మొదటిది హంస నక్షత్రమండలం. మన ఊరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్నందువల్ల హంస తోక దగ్గరి డెనెబ్ ఉత్తరాన సుమారు 58 డిగ్రీల ఎత్తుకు మించి రాదు. అక్టోబరు మొదటి వారంలో రాత్రి ఎనిమిది గంటల వేళ అక్కడ ఉంటుంది. అభిజిత్తు, శ్రవణం, డెనెబ్ కలిసిన త్రిభుజాన్ని ముందు పట్టుకుంటే తక్కినది సులువు. ముక్కు దగ్గరి ఆల్బిరియో కోసం మాత్రం మూడు రాత్రులు పోయాయి. వీధిదీపం వెలుగు నేరుగా లెన్స్ మీద పడుతోందని నాలుగో రాత్రికి తెలిసింది. నల్ల చార్టు కాగితాన్ని గొట్టంలా చుట్టి 70 మిల్లీమీటర్ల టెలిస్కోప్ మూతికి తొడిగి, 28 రెట్లు పెద్దదిగా చూపే ఐపీస్ పెట్టాను. ఒక్క చుక్క రెండయింది: ఒకటి పసుపుకొమ్ము రంగు, దానిని ఆనుకున్నట్టు చిన్న నీలిచుక్క. ఆ రాత్రి చాలాసేపు కిందికి దిగబుద్ధి కాలేదు.

61 సిగ్ని అనే జంటతార కూడా అదే ఐపీస్‌లో విడివడింది. 1838లో జర్మన్ ఖగోళవేత్త బెస్సెల్ దూరం కొలిచిన తార అది; ఇప్పటి లెక్కలో 11.4 కాంతి సంవత్సరాలు. 1964లో రాకెట్ పరికరాలు కనిపెట్టిన సిగ్నస్ ఎక్స్-1 కృష్ణబిలం ఎలాగూ కనబడదు గనుక, 5.6 రోజులకు ఒకసారి దానితో కలిసి తిరిగే నీలితారను హంస మండలంలోని ఈటా సిగ్ని అనే తార పక్కన వెతుకుతున్నాను. ఇంకా దొరకలేదు.

అంతరిక్ష కేంద్రానికి సరుకు చేరవేసే సిగ్నస్ నౌకలు 2013 నుంచి వెళ్తున్నాయి. 2020 అక్టోబరులో వెళ్లిన నౌకకు కల్పనా చావ్లా పేరు పెట్టారు. నౌక కేంద్రానికి అతుక్కుని ఉన్న రోజుల్లో ఆ కేంద్రం మన మీదుగా పోతే, ఆ వెలుగుచుక్కలో దానిని కూడా చూసినట్టే లెక్క రాసుకుంటాను.

పక్షి గడి మాత్రం ఖాళీ. మన ‘హంస’ మాటకు లాటిన్‌లో తోబుట్టువు సిగ్నస్ కాదు, బాతును చెప్పే ఆన్సర్. తల మీద రెండు నల్లచారలుండే ఆన్సర్ ఇండికస్ బాతులు చలికాలంలో గదగ్ జిల్లా మాగడి చెరువుకు వస్తాయి. డిసెంబరులో వెళ్లి, వాటికి పక్క పేజీలో వేరే గడి గీస్తాను.